శివారుపేట జీవితము – తెలుగు కథ

మన ఆధునిక వచన వాఙ్మయమున రెండు స్థలములు చక్కగా చిత్రింపబడినవి. ఒకటి పల్లె, రెండవది పట్టణపు నడిబొడ్డు. చెరువుగట్టు, రచ్చబండ, పొలము, వాని చుట్టును అల్లుకొన్న వ్యాజ్యములు మన కథకులకు కరతలామలకములు. అట్లే కచేరి, కళాశాల, హోటలు, రైలు స్టేషను. ఈ రెండింటికిని చెందని మూడవ స్థలమొకటి ఇటీవలి దశాబ్దములలో పెరిగి, నేడు తెలుగువారిలో పెక్కుమందికి నివాసమైనది. అది శివారుపేట. అచ్చట జనులు వండుకొందురు, నిద్రింతురు, పిల్లలను పెంచుదురు. జీతము మాత్రము వేరొకచోట సంపాదింతురు. ఉదయము తొమ్మిదింటికి పేట సగము ఖాళీయగును. సాయంకాలమునకు మరల నిండును. హైదరాబాదున కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, విశాఖపట్టణమున గాజువాక ఇట్టివి. ఈ జీవితమునకు మన సాహిత్యమున దక్కిన స్థానమెంత అన్నది ఈ వ్యాసమునకు విషయము.

పూర్వులు దారి చూపలేదనుట న్యాయము కాదు. గురజాడయు, పిదప చాసోయు విజయనగరమును మనకు సజీవముగా ఇచ్చిరి. మధ్యతరగతి సంసారములోని లెక్కాచారమును కొడవటిగంటి కుటుంబరావు నిర్మోహముగా పరీక్షించెను. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లో గుమాస్తా సుబ్బయ్య భయమునే నవలకు వస్తువుగా చేసెను. కాని ఈ రచనలలో బలము మనస్సునందో, వర్గసంబంధమునందో నిలిచినది. ఇంటికిని పనికిని నడుమ ప్రతిదినము గడచు ఆ దారి, ఆ దారివలన మనుష్యులలో కలుగు మార్పు ప్రధాన వస్తువగుట మన కథలలో అరుదు.

ఈ లోపము స్పష్టముగా గోచరించుటకు తెలుగునేలకు దూరముగానున్న ఒక తెలుగు సమాజమును చూడవలయును. అండమాను ద్వీపముల పేరు వినగానే సగటు తెలుగు పాఠకునకు స్ఫురించునది కారాగారము. 1858లో అచ్చట శిక్షాస్థావరము స్థిరముగా ఏర్పడెను; 1906 నాటికి సెల్యులార్ జైలు పూర్తియయ్యెను. ‘ద్వీపాంతరవాసము’ అను మాట మన భాషలో దండనకు పర్యాయమయ్యెను. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర ఆ శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో పార్లమెంటునకు ఎన్నికయ్యెను. ఈ స్మృతి పూజ్యము. అయితే స్మృతియొక్కటే సాహిత్యమును ఆక్రమించినచో, అచ్చట నేడు బ్రదుకుచున్నవారు కనబడకుండ పోవుదురు. 2011 జనగణన ప్రకారము ఆ ద్వీపముల జనసంఖ్య సుమారు 3.8 లక్షలు, అందు నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. అనగా ఇంచుమించు ఏబది వేలమంది. వీరిలో హెచ్చుమంది పెద్దలు శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి సముద్రము దాటినవారు. విశాఖ రేవునకును ఆ రాజధానికిని నడుమ దూరము సుమారు 1200 కిలోమీటర్లు.

రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీవిజయపురమను పేరు పెట్టిరి. అది కలకత్తావలె మహానగరము కాదు. అయినను ద్వీపములన్నిటికిని కచేరీలు, పెద్ద ఆసుపత్రి, ఓడరేవు, అంగడి అచ్చటనే ఉండుటచే, చుట్టునున్న ఊళ్లకు అదియే మహానగరము. గారాచర్మ, ప్రోత్రాపూర్, బాంబూఫ్లాట్ అను మూడింటిని 2011 జనగణన పట్టణములుగా లెక్కించినది. గారాచర్మ నుండి జనులు బస్సులలోను, ద్విచక్ర వాహనములపైనను బయలుదేరుదురు. బాంబూఫ్లాట్ వారికి ఫెర్రీ శరణ్యము. రోడ్డుమార్గము కలదుగాని మిక్కిలి చుట్టు. చాతాం దీవి రేవున దిగి, 1883లో నెలకొల్పబడిన కట్టెకోత మిల్లు ప్రక్కగా నడచి, వంతెన దాటి ఊరిలో ప్రవేశింతురు. నగరములోపలనే యున్న జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకారులు తరతరములుగా నివసించుచున్నారు. వారి పని రేవున, ఇల్లు రేవు ప్రక్కన. వారిని చిత్రించుటకు మన పల్లెకథ నేర్పిన పద్ధతి కొంతవరకు చాలును. ఆ యింటి కుమారుడు చదువుకొని, ఉద్యోగము సంపాదించి, గారాచర్మలో ఇల్లు కట్టుకొన్నప్పుడు ఆ పద్ధతి చాలదు. ఇచ్చటనే క్రొత్త కథ ఆరంభమగుచున్నది.

ఆ కథకు సామగ్రి ఏది అని అడుగువారుందురు. రెండు విషయములు మాత్రము చూపెదను. మొదటిది కాలము. భారతదేశపు ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము మన కాకినాడ సమీపమున పోవుచున్నది. పోర్ట్ బ్లెయిర్ దానికి తూర్పుగా పది డిగ్రీల దూరమున, అనగా సూర్యుని లెక్కలో నలుబది నిమిషములు ముందున్నది. డిసెంబరులో అచ్చట సాయంకాలము అయిదింటికే సూర్యుడస్తమించును. కచేరి గడియారము కాకినాడ సూర్యునిబట్టి నడచుచుండగా, ఉద్యోగి తన పేటకు చీకటిలో తిరిగివచ్చును. పగటివేళ తన వీధిని ఆదివారమునాడే చూడగల మనిషికి ఇరుగుపొరుగుతో ఏర్పడు సంబంధమెట్టిది? ఇది కథకుడు అడుగవలసిన ప్రశ్న.

రెండవది నీరు. సంవత్సరమునకు సుమారు మూడువేల మిల్లీమీటర్ల వర్షము కురియు ఊరిలో వేసవినాటికి త్రాగునీటికి కటకట. ధనిఖారి ఆనకట్టలో మట్టము తగ్గినకొలది కుళాయి వచ్చు దినముల నడుమ ఎడము పెరుగును. కుళాయి వచ్చు గంటకు ఇంట నెవరుండవలయును? భార్యాభర్తలిద్దరును ఉద్యోగస్థులైన ఇంట ఆ ప్రశ్నయే కలహమునకు, త్యాగమునకు, పొరుగువారి మైత్రికి మూలము కాగలదు. శివారుపేటలో సంఘటనలు లేవనువారు ఇట్టివానిని సంఘటనలుగా గుర్తింపకపోవుటయే కారణము.

అసలైన చిక్కు భాషయందున్నది. ద్వీపములలో బంగాళీ, తమిళ, తెలుగు, మలయాళ కుటుంబములు ఒకే వీధిలో నుండుటచే, పరస్పర వ్యవహారము హిందీలో జరుగును. ఒక గృహిణి పొరుగింటివారిని “పానీ ఆయా క్యా?” అని అడిగి, ఆ నోటితోనే లోపలికి తిరిగి “నీళ్లొచ్చేసినాయత్తా!” అని కేకవేయును. ఈ రెండు వాక్యములకును నడుమ ఒక గడప మాత్రమే కలదు. రచయిత దీనిని ఎట్లు వ్రాయవలయును? అంతయు శిష్టమైన తెలుగులోనికి మార్చినచో గడప మాయమగును. పేట విజయవాడలోని ఏదో ఒక కాలనీ యగును. హిందీని యథాతథముగా పుటలకొలది దింపినచో శ్రీకాకుళములోని పాఠకుడు బయటనే నిలిచిపోవును. అనువాదకునిగా నాకు తోచునది ఇది: హిందీని చిన్నదిగా, పదేపదే వచ్చు మాటలలో నిలిపి, మిగిలినదానిని ఇంటి యాసకు భిన్నమైన, కొంచెము బిగిసిన తెలుగులో చెప్పినచో, ఏ భాష ఏ గడప కీవలిదో పాఠకునకు తెలియగలదు. అప్పుడు ఉత్తరాంధ్ర యాస అలంకారముగా గాక, ఇంటికి గుర్తుగా నిలుచును.

ఇతరులు ఈ పని చేసి చూపినారు. లండను శివారులోని ఒక గుమాస్తా చిన్న చిన్న గర్వములను గ్రాస్‌స్మిత్ సోదరులు 1892లోనే డైరీ రూపమున హాస్యగ్రంథముగా వెలువరించిరి. మనకు మరింత సమీపమైన నిదర్శనము అశోకమిత్రన్. సికింద్రాబాదున జన్మించిన ఈ తమిళ రచయిత, అచ్చటి లాన్సర్ బారక్స్‌లోని రైల్వే ఉద్యోగుల నివాసములను, 1947–48 నాటి సంక్షోభమును కలిపి ‘పదునెనిమిదవ అక్షాంశరేఖ’ అను నవలను 1977లో ప్రకటించెను. తెలుగుగడ్డపై నున్న ఒక పేట తమిళమున శాశ్వతత్వము పొందినది. జయంత్ కాయ్కిణి బొంబాయి జీవితమును కన్నడమున కథలుగా వ్రాసెను. వాని ఆంగ్లానువాదమునకు 2018 సంవత్సరపు డి.ఎస్.సి. బహుమానము లభించినది. తన భాష ఏలని నగరమును గూర్చి తన భాషలో వ్రాయుట సాధ్యమని ఈ ఇద్దరును నిరూపించిరి.

ఇందులకు ఒక ఆక్షేపణ కలదు. ఏబదివేలమంది కొరకు సాహిత్యమున ప్రత్యేక శాఖ ఎందులకు? ద్వీపములలోని తెలుగువారు ద్వీపములనుగూర్చి వ్రాసికొందురు గదా? ఈ వాదము రెండు విధముల తప్పు. అండమానులో గడప దగ్గర భాష మారుట కండ్లకు కట్టినట్లు కనబడుచున్నది. హైదరాబాదు శివారులలో ఆంగ్లము ముందు అదే జరుగుచున్నను మనము గమనించుటలేదు. అచ్చటి కథ మన కథయే. మరియొకటి: ద్వీపములలో తెలుగు మాధ్యమమున బోధించిన ప్రభుత్వ పాఠశాలలు ఉన్నవి, అక్షరము నేర్చినవారున్నారు. వారు తెరచిన తెలుగు పుస్తకములో తమ వీధి, తమ ఫెర్రీ, తమ కుళాయి ఎన్నడును కనబడనిచో, ఆ భాష అమ్మమ్మతో మాటలాడుటకు మాత్రమే పనికివచ్చునని వారు నిశ్చయించుకొందురు. ఆ నిశ్చయము జరిగిన తరువాత ఎన్ని సభలు చేసినను ప్రయోజనము స్వల్పము.

కావున పత్రికా సంపాదకులకును, కథాసంకలనకర్తలకును నా మనవి ఒకటి. అండమానునుండి వచ్చు రచనలో జైలుగోడను, నీలిసముద్రమును వెదకుట మానుడు. ఉదయపు బస్సును, సాయంకాలపు చీకటిని, పొరుగింటి భాషను గూర్చి వ్రాసిన కథ వచ్చినచో, యాస విచిత్రముగా నున్నదని దిద్దక, అట్లే ప్రకటింపుడు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము తెలుగు కథల నన్నిటిని ఒకచోట చేర్పబూనినది. ఆ జిల్లానుండి సముద్రము దాటిన కుటుంబముల కథలు ఆ అలమారులకు చేరవలసియున్నవి. వ్రాయవలసినవారు గారాచర్మలోను, బాంబూఫ్లాట్‌లోను ఉన్నారు. వారిని అడుగవలసిన భారము మనది.