పేరులోనే కార్ఖానా

2020 ఏప్రిల్. కరోనా దెబ్బకు ఐపీఎల్ లేదు, ఒలింపిక్స్ వాయిదా పడ్డాయి. యూరప్‌లో అప్పటికి ఫుట్‌బాల్ ఆగనిది దాదాపు బెలారస్‌లోనే. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఫాంటసీ యాప్ తెరిచిన మన కుర్రాళ్లు స్లుత్స్క్, జొదినొ, సొలిగొర్స్క్ అంటూ నోరు తిరగని ఊళ్ల జట్ల నుంచి పదకొండు మందిని ఏరుకున్నారు. ఆస్ట్రేలియాలో కొందరైతే ఏకంగా స్లుత్స్క్ జట్టుకు ఫేస్‌బుక్‌లో అభిమాన సంఘం పెట్టేశారు. సరదాగా మొదలెట్టిన దాంట్లో వేలమంది చేరారు.

స్లుత్స్క్ అరవై వేల జనాభా ఉన్న ఊరు. అక్కడ దుంపల నుంచి పంచదార తీసే మిల్లు ఉంది. 1998లో పుట్టిన ఆ జట్టు మొదటి పేరు స్లుత్స్క్‌సాఖర్. సాఖర్ అంటే రష్యన్‌లో పంచదార. మన శర్కరకు దూరపు చుట్టమే. చక్కెర మిల్లు పేరు చొక్కా మీద వేసుకుని బంతాడే ఊరన్నమాట!

ఆ దేశపు పట్టికలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. సొలిగొర్స్క్ జట్టు షఖ్త్యోర్, అంటే గని కార్మికుడు. పొటాష్ తవ్వడానికి 1958లో కట్టిన ఊరది. బెలారస్ పొటాష్ మన దేశానికీ దిగుమతి అయ్యింది కాబట్టి, ఆ గనుల సరుకు మన పొలాల్లోనూ పడే ఉంటుంది. బొబ్రుయిస్క్ జట్టు బెల్షినా, టైర్ల కంపెనీ. నొవొపొలొత్స్క్ జట్టు నాఫ్తాన్, చమురు శుద్ధి కర్మాగారం. జొదినొ జట్టు పేరులోని బెలాజ్ తయారుచేసే భారీ డంపర్లు మన బొగ్గు గనుల్లోనూ తిరుగుతున్నాయి. మికషెవిచి అనే చిన్న ఊళ్లో కంకర క్వారీ ఉంది; గ్రానిట్ అని పేరు పెట్టుకున్న ఆ ఊరి జట్టు 2008లో దేశపు మొదటి డివిజన్‌లో ఆడింది. జట్టు పేరు చదివితే ఊరు ఏం తిని బతుకుతోందో తెలిసిపోతుంది.

ఇది సోవియట్ కాలం నాటి ఏర్పాటు. ఆటగాడి పేరు కార్ఖానా జీతాల పట్టీలో ఉంటుంది, పని మాత్రం మైదానంలో. మన రైల్వే, పోలీసు జట్ల పద్ధతిని పోలినదే, కానీ అక్కడ ఊరికంతటికీ పోషకుడు ఆ ఒక్క కార్ఖానాయే. కాలువ కట్టేస్తే మడి ఎండినట్టు, యాజమాన్యం చేయి వెనక్కి తీసుకుంటే జట్టు మాయమవుతుంది. ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ చూడాలంటే బొరిసోవ్ వెళ్లాలి.

1812లో నెపోలియన్ సైన్యం తిరుగుముఖంలో నానా అగచాట్లు పడి బెరెజినా నది దాటింది ఈ ఊరి దగ్గరే. జనాభా లక్షన్నర లోపు. ఇక్కడి జట్టు పేరు బాతె. దానికి అర్థమేమిటా అని వెతికితే కవిత్వం ఏమీ దొరకదు: బొరిసోవ్ ఆటో ట్రాక్టర్ విద్యుత్ పరికరాల కర్మాగారం అనే పేరుకు పొడి అక్షరాలు, అంతే. స్టార్టర్ మోటార్లు చేసే చోటు. 1973లో పుట్టిన జట్టు 1974, 1976, 1979లలో బెలారస్ రిపబ్లిక్ టైటిల్ గెలిచింది. 1984లో మూతపడింది.

పన్నెండేళ్ల తర్వాత, 1996లో, జట్టుకు అధ్యక్షుడైన అనతోలి కాప్‌స్కీ చొరవతో అదే పేరుతో మళ్లీ లేచింది. మొదలుపెట్టింది మూడో డివిజన్‌లో. ఆ ఏడాదే దాన్ని గెలిచింది. 1997లో రెండోది గెలిచింది. 1998లో పై డివిజన్‌లో రెండో స్థానం, 1999లో దేశ ఛాంపియన్. నిచ్చెన మెట్లు ఒక్కటీ వదలకుండా ఎక్కడమంటే ఇదే.

డబ్బు ఎక్కడిది? నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. కుర్రాళ్లను తెచ్చి, ఆడించి, పెద్ద క్లబ్బులకు అమ్మారు. అలెగ్జాండర్ హ్లెబ్ 2000లో స్టుట్‌గార్ట్‌కు వెళ్లి, తర్వాత ఆర్సెనల్, బార్సిలోనా దాకా చేరాడు. 2001లో మిలాన్ చేతిలో బాతె చిత్తుగా ఓడింది, కానీ ఆ మిలానే బాతె కుర్రాడు విటాలి కుతుజోవ్‌ను కొనుక్కుంది. మోకాలి దెబ్బతో పాతికేళ్లకే బూట్లు విప్పేసిన విక్టర్ గొంచరెంకో అనే డిఫెండర్‌ను కోచ్‌గా నిలబెట్టారు. 2008లో అతను 31 ఏళ్ల వయసులో జట్టును ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు తీసుకెళ్లాడు. బెలారస్ క్లబ్ అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. రియల్ మాడ్రిడ్ రెండుసార్లూ ఓడించింది గానీ, యువెంటస్ రెండుసార్లూ డ్రాతో సరిపెట్టుకుంది.

ఇక 2012 అక్టోబర్ 2, మళ్లీ ఛాంపియన్స్ లీగ్. బొరిసోవ్ మైదానం ఆ స్థాయికి చాలదు గనక ఆట మిన్స్క్‌లో. ఎదురుగా బయెర్న్ మ్యూనిక్. మొదటి సగంలో పావ్లోవ్ గోల్. 78వ నిమిషంలో రొదియోనోవ్ మరొకటి. 90 దాటాక రిబెరి ఒకటి తిరిగిచ్చాడు. స్టేడియం గుండె గొంతులోకి వచ్చిందనుకునేలోపే బ్రెసాన్ మూడోది కొట్టాడు. 3-1. ఆ సీజన్ చివర్లో యూరప్ కప్పు ఎత్తింది ఆ బయెర్నే.

2014లో ఊరికి సుమారు పదమూడు వేల మంది పట్టే కొత్త స్టేడియం వచ్చింది, స్లొవేనియా వాస్తుశిల్పుల రూపకల్పన. 2006 నుంచి వరసగా టైటిళ్లు. 2018 సెప్టెంబర్‌లో కాప్‌స్కీ చనిపోయాడు. ఆ ఏడాదీ జట్టు గెలిచింది, అది వరసగా పదమూడోది. మరుసటి ఏడాది టైటిల్ బ్రెస్ట్ ఊరి జట్టుకు వెళ్లిపోయింది.