గుండ్రని అక్షరానికి తగిన పాళీ

గోపాలపట్నంలో ఉండేవాళ్లకు సింహాచలం కొండ రోజూ కళ్లెదుటే ఉంటుంది. అక్కడి గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. గజపతుల మీదికి దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామికి సమర్పించిన నగల వివరం వాటిలో ఒకటి. చరిత్ర తెలిసినవాళ్లు ఈ శాసనాల్లో రాజులను వెతుక్కుంటారు. అక్షరాల పిచ్చి ఉన్న నాలాంటివాళ్లు వంపులు చూస్తారు. ఉలికి తిన్నని గీత సులువు, సున్నా చుట్టడమే కష్టం. అయినా మన పాత శాసనాల్లో అక్షరం గుండ్రంగానే తిరిగింది.

ఆ గుండ్రదనం తాటాకు మీద కుదిరిందని అంటారు. ఆకు పొడవునా నారలు ఉంటాయి. వాటి వెంబడి గంటం గట్టిగా లాగితే ఆకు చీలుతుంది, వంపు తిప్పితే నిలుస్తుంది. గంటం గీసిన గాడిలో మసి రుద్దితేనే అక్షరం పైకి తేలుతుంది. గాడి వెడల్పు మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒక్కటే. తెలుగు అక్షరం అందమంతా అది తిరిగే తీరులో ఉందని నా నమ్మకం. ఇప్పుడు కాలిగ్రఫీ నేర్చుకునేవాళ్లు చాలామంది చదునుమొన పాళీతో తెలుగు రాస్తున్నారు. శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద అది నిండుగా ఉంటుంది. పేజీ నిండా రాయాలంటే మాత్రం గుండ్రని మొన ఉన్న మీడియం పాళీకే నా ఓటు.

అలాంటి పాళీ పట్టే మంచి పెన్ను మన గోదావరి ఒడ్డునే పుట్టింది. కోసూరి వెంకటరత్నం గారు 1932లో రాజమండ్రిలో రత్నం పెన్నులు మొదలుపెట్టారు. అంతకు ముందు 1921లో గాంధీజీని కలిస్తే, మామూలు జనానికి పనికొచ్చే వస్తువేదైనా మన దేశంలోనే తయారుచెయ్యమని ఆయన చెప్పారు. రత్నం గారు పంపిన పెన్ను వాడి చూసి, 1935 జూలై 16న గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. స్వదేశీ అనగానే మనకు రాట్నమే గుర్తొస్తుంది. అది రాతబల్ల మీదికి కూడా వచ్చిందని ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి.

ఈ పెన్నులకు వాడేది ఎబొనైట్. రబ్బరులో గంధకం దండిగా కలిపి చాలాసేపు వేడిచేస్తే కొమ్ములా గట్టిపడుతుంది. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి అమెరికాలో పేటెంటు పొందాడు. కడ్డీని లేతు మీద తిప్పుతూ చెక్కి, లోపల తొలిచి, మరలు కోసి, నునుపు తేలేదాకా మెరుగుపెడతారు. కొత్త పెన్ను మూత తీస్తే సన్నగా గంధకం వాసన వస్తుంది. ఎండలో వదిలేస్తే నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది.

అసలు పనితనం పాళీ కింది ఫీడ్‌లో ఉంది. అదీ ఎబొనైటే. దాని వీపు మీద పొడుగునా వెంట్రుకంత సన్నని కాలువలు కోస్తారు. సిరా కిందికి దిగుతుంటే గాలి పైకి పోతుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగితే రాత ఆగుతుంది. ప్లాస్టిక్ మీద సిరా బొట్టుకట్టి జారిపోతుంది, ఎబొనైట్ మీద తడిగా పరుచుకుంటుంది. పాళీకీ ఫీడ్‌కీ మధ్య సందు వస్తే వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, వేలితో నొక్కి అతికేలా చెయ్యొచ్చు.

ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకే సిరా పోసుకునే పెన్ను వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సిరా అడుగంటినకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతివేడికి అది వ్యాకోచించి, పాళీ దగ్గర సిరా చుక్కను కాగితం మీదికి తోస్తుంది. పావువంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపుకుంటే ఆ బెడద ఉండదు. మా విశాఖ వాతావరణంతో ఇంకో చిక్కు. వానాకాలంలో సముద్రపు చెమ్మ పీల్చిన కాగితం మీద సిరా ఈకలు ఈకలుగా పాకుతుంది. కాగితాలు బిగువైన మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

ఇక రాత. పాళీకి బరువు అక్కర్లేదు. బాల్‌పెన్నుకు అలవాటైన చెయ్యి ముందు ఆ నొక్కుడు వదులుకోవాలి. గీతల పుస్తకంలో ఒక్కో గీత వదిలి రాస్తే మేలు, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తుకు చోటు దొరుకుతుంది. తలకట్టును ఒళ్లంతా రాశాక చివర్న, చెయ్యి ఎత్తి వెయ్యాలి. సాలుకు సాలు తలకట్లన్నీ ఒకే వాలులో ఉంటే చాలు, మామూలు దస్తూరీ కూడా తీరుగా కనిపిస్తుంది. బాపు గారి దస్తూరీలో ఆ వాలు, ఆ వేగం చూడండి, అచ్చు ఫాంటుగా మారినా చేతిరాత ఊపు పోలేదు.

పెన్ను కొనేటప్పుడు చాలామంది ఇంగ్లీషు సంతకం గీసి సరే అనేస్తారు. తెలుగు పాళీని నాలుగు దిక్కులా నడిపిస్తుంది. పాళీ రెండు చీలికలు సమంగా లేకపోతే కిందికి లాగినప్పుడు సాఫీగానే పోతుంది, పైకి చుట్టేటప్పుడు గీరుకుంటుంది. అందుకని అంగట్లోనే ‘ఝ’, ‘ఋ’, ‘ణ’, ‘జ్ఞ’ నాలుగైదు సార్లు మెల్లగా రాసి చూడాలి. ఎక్కడ గీరుకుందో చూపిస్తే, పని తెలిసిన మనిషి భూతద్దం కింద పెట్టి అక్కడికక్కడే సరిచేసి ఇస్తాడు.