మొదటి బంతి ఎన్నింటికి?

ఇంట్లో శుభకార్యం అనుకోగానే ముందు మొదలయ్యేది ఏమేం వండించాలన్న చర్చ. బగారా అన్నమా, పనసకాయ బిర్యానీయా, స్వీట్లు రెండు చాలా, మూడు ఉండాలా అని వారం రోజులు తెగదు. మా చుట్టాలిళ్లలో వంటలు చేసే ఒక పెద్దాయన మాత్రం మనం రాసిచ్చిన చీటీని జేబులో పెట్టుకుని, "మొదటి బంతి ఎన్నింటికి కూర్చుంటారమ్మా?" అని అడుగుతారు. పన్నెండున్నరకి అంటే నమ్మరు. "ముహూర్తమే పదకొండుంబావుకి. అక్షింతలు, ఫొటోలు అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది" అని తనే తేల్చేస్తారు. అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకుంటూ ఎసరు ఎప్పుడు పెట్టాలో, పోపులు ఎప్పుడు వేయాలో చెబుతారు. ఆయన అడిగే ఆ ప్రశ్నంటే నాకు చాలా గౌరవం. వండిన వంట ఎంతసేపటికి విస్తట్లోకి వచ్చిందన్నదాని మీదే వచ్చినవాళ్ల క్షేమం ఆధారపడి ఉంటుంది.

వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చల్లారి, ఇంకా 5 డిగ్రీలకు పైనే ఉన్నంతసేపూ అందులో సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. అలా రెండు గంటలు దాటితే దాన్ని పెట్టకూడదన్నది ఆహార భద్రతలో అందరూ పాటించే లెక్క. చుట్టూ ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో షామియానా కింద విందు అంటే మన చేతిలో ఉన్నది ఆ ఒక్క గంటే. "పొద్దున్న తొమ్మిదికల్లా వంటలన్నీ అయిపోయాయి" అని ఎవరైనా నిశ్చింతగా చెబితే నాకు భయం వేస్తుంది.

మాంసం, చేప అంటే అందరం జాగ్రత్త పడతాం. అన్నం మీద ఎవరికీ అనుమానం రాదు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు బియ్యంలో ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. పెద్ద గుండిగ నిండా వండి మూత పెట్టి వదిలేస్తే అంచులు చల్లారినా నడిమధ్య అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనంలో సిద్ధబీజాలు మొలకెత్తి వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే మిగిలిన అన్నం విషయంలో "సాయంత్రం కాస్త వేడి చేసుకుందాంలే" అన్న మాటకు నేను ఒప్పుకోను.

ఈ చిక్కుకు విరుగుడు మన పులిహోరలోనే ఉంది. అన్నం వార్చగానే వెడల్పాటి తాంబాళంలో పలచగా ఆరబోసి, పసుపూ నూనే చల్లి, పొడిపొడిలాడాక చింతపండు గుజ్జు కలుపుతారు. మెతుకు విరగకూడదు, ముద్ద కట్టకూడదు అని చేసే పనే అయినా, అన్నం త్వరగా చల్లారడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. పైన పులుపూ ఉప్పూ కాపలా. పూర్వం దూర ప్రయాణాలకు పులిహోర మూటగట్టింది ఊరికే కాదు. అయితే పులుపు పేరుకు మాత్రమే తగిలే ఈనాటి బఫే పులిహోరను ఆ ధీమాతో సాయంత్రం దాకా ఉంచడం నాకు ఇష్టం లేదు.

మాంసం వండించేటప్పుడు ఒక పెద్ద డేగిసా బదులు రెండు చిన్నవి, గంట తేడాతో పొయ్యెక్కించమని చెబుతాను. రెండో బంతి కూర్చున్నాకే రెండోదాని దమ్ము విప్పాలి. వంటవాళ్లకు అదనపు శ్రమే, అందుకు మరో మనిషిని పెట్టుకోమని కూలి ఇవ్వాలి. పెరుగు చట్నీని చిన్న గిన్నెల్లో, ఐసు నింపిన బేసిన్లో పెట్టాలి. అయిపోవస్తే ఆ గిన్నె తీసేసి కొత్తది పెట్టాలి తప్ప పాతదాని మీద కొత్తది పోయకూడదు. పిల్లల పుట్టినరోజు శాండ్‌విచ్‌లలోకి పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ అసలే వద్దు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించిందంటే ఎంత ప్రమాదమో తెలుస్తూనే ఉంది.

ఇక వడ్డన. ఇంటివాళ్లు కొసరి కొసరి వడ్డిస్తే ఆ ఆనందమే వేరు. కానీ ఆ చేతులే అప్పటిదాకా వచ్చినవాళ్ల చేతులు కలిపాయి, పిల్లల ముక్కులు తుడిచాయి, ఫోన్లు పట్టుకున్నాయి. చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా చేతి నుంచి గారెలోకీ బూరెలోకీ చేరుతుంది. వడ్డనకు దిగే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గారెకైనా పట్టకారు వాడాలి, వేలు తెగినవాళ్లు ఆ పూట పలకరింపులు చూసుకోవాలి. మనవాళ్లు చేత్తో తింటారు కాబట్టి అతిథుల కోసం కుళాయి దగ్గర సబ్బూ తుడుచుకునే కాగితమూ నిండుగా ఉంచడం మంచినీళ్లు పెట్టినంత అవసరం. ఉప్పు చూడాలంటే పెద్ద వంటవాళ్లు గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి, చెయ్యి కడుక్కుంటారు. గరిటె నోటికి తగలదు. ఆ అలవాటు ఇళ్లలో పోకుండా చూసుకోవాలి.

పిలుపుకి ఫోన్ చేసినప్పుడే "పిల్లలకేమైనా పడనివి ఉన్నాయా?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. గుత్తివంకాయలో పల్లీలు, కుర్మాలో జీడిపప్పు కంటికి కనబడవు. విస్తరి ముందు నిలబడి "ఇందులో పల్లీలు పడ్డాయండీ" అని చెప్పి వడ్డించడం మర్యాదే. షుగరున్న పెద్దవాళ్లు చాలంటే "ఒక్క బూరెకేమవుతుంది" అనకుండా గరిటె వెనక్కి తీసుకోవడమూ మర్యాదే. రైలు దిగి ఆలస్యంగా వచ్చేవాళ్ల వాటాను వండిన వెంటనే చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, వాళ్లొచ్చాక కూరలు మరిగించి పెట్టాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మధ్యాహ్నం నాలుగింటికి జరుగుతుంది. అప్పటిదాకా బల్ల మీదున్న పనీర్ కూరను మనం ముట్టం, పారేయడానికి మనసొప్పక పనిమనిషి డబ్బాలో పోస్తాం. అంట్లు తోమేవాళ్లు, షామియానా కట్టినవాళ్లు, డ్రైవర్లు ఎంతమందో వంటకు ముందే లెక్కలో చేర్పించాలి, రెండో బంతితోపాటే వాళ్లకూ వేడిగా వడ్డించాలి. ఇంటికి ఇచ్చేదేదైనా ఉంటే అది మొదట్లోనే తీసి ఫ్రిజ్‌లో పెట్టినదై ఉండాలి. ఇచ్చేముందు పనిమనిషి ఇంట్లో ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కోవాలి. లేకపోతే కూరలూ అన్నం కాకుండా మైసూర్‌పాకులు, కారప్పూస, పళ్లు ఇవ్వాలి, డబ్బా నిండా.