రాకడ, ఎదురుకోలు, ఎత్తబడుట: తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో అంత్యకాల భావన – జీవనదృష్టి

వ్యాససంగ్రహం

లోకాంతాన్ని గురించిన విశ్వాసం మనిషి దైనందిన జీవితాన్ని ఎటు మళ్ళిస్తుందన్నది క్రైస్తవ చింతనలో పాత ప్రశ్న. ఆ విశ్వాసాన్ని ఏ మాటలలో చెప్పుకున్నారన్న దానిపై సమాధానం చాలావరకు ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు బైబిలులోని ‘రాకడ’, ‘ఎదుర్కొను’, ‘కడవరి వర్షము’, ‘సేరు’ వంటి పదాలను, సంఘాలలో స్థిరపడిన ‘ఎత్తబడుట’ అనే పదాన్ని పక్కపక్కన ఉంచి, వాటి వెనుక ఉన్న రెండు భిన్న జీవనదృష్టులను పరిశీలిస్తుంది. కోస్తా జిల్లాల దళిత క్రైస్తవ చరిత్రను, ‘అంటరాని వసంతం’ నవలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: రాకడ, ఎదురుకోలు, ఎత్తబడుట, యుగసమాప్తి, ప్రకటన గ్రంథం, తెలుగు బైబిలు, దళిత క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై వచ్చిన పరిశోధన ఎక్కువగా కీర్తనల ఛందస్సు, మిషనరీల నిఘంటు సేవ, జాషువా ‘క్రీస్తు చరిత్ర’ వంటి కావ్యాల చుట్టూ తిరిగింది. సంఘాలలో వారంవారం వినిపించే అంత్యకాల బోధను సాహిత్య విమర్శ పట్టించుకున్నది తక్కువ. అది వేదాంతుల పని అని వదిలేశాం. కాని లక్షలాది తెలుగువారికి భవిష్యత్తును ఊహించుకొనే భాష అక్కడి నుంచే అందుతున్నప్పుడు, ఆ భాషను పరిశీలించడం తెలుగు పరిశోధకుల బాధ్యత కూడా అవుతుంది.

ఈ బోధ జీవితంపై చూపే ప్రభావాన్ని గురించి రెండు అభిప్రాయాలు తరచు వినిపిస్తాయి. లోకం ముగియబోతున్నదని నమ్మేవాడు ఈ లోకంలోని అన్యాయాన్ని పట్టించుకోడన్నది మొదటిది. అంతం ఉందన్న నమ్మకమే పీడితునికి ప్రాణవాయువన్నది రెండవది. రెండింటికీ చరిత్రలో సాక్ష్యాలు దొరుకుతాయి. కనుక ఏది నిజమని తేల్చడం కంటే, ఒకే గ్రంథం నుంచి రెండు ఎలా పుట్టాయని అడగడం ఉపయోగకరం.

2. రాకడ – పోకడ

గ్రీకులో ‘పరూసియా’ అన్న మాటకు సన్నిధి అనీ, రాజు లేదా అధికారి నగరానికి విచ్చేయడం అనీ అర్థాలున్నాయి. తెలుగు అనువాదకులు దానికి ‘రాకడ’ను ఎంచుకున్నారు. ‘ఆగమనం’ అనే సంస్కృతపదం అందుబాటులో ఉండగా దేశ్యపదాన్ని తీసుకోవడం గమనించదగ్గ విషయం. ‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు’ అన్న సామెత తెలియని తెలుగు పల్లె లేదు. ఆ సామెతలో రాకడ వానది. దాని రోజు తెలియదు, కాని దాని కోసం దుక్కి సిద్ధం చేసుకోవడం మానరు. దినమూ గడియా ఎవరికీ తెలియదన్న సువార్త బోధను వినే రైతుకూలీకి ఈ పదం తన పొలం గట్టు మీది అనుభవంగానే అంది ఉండాలి.

ఈ సంబంధం కేవలం నా ఊహ కాదు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో ప్రభువు రాకడ, తొలకరి వర్షం, కడవరి వర్షం ఒకే వాక్యానికి చేరాయి. రెండు వానలూ కురిసేదాకా సేద్యగాడు ఓపిక పట్టినట్లే విశ్వాసి కూడా ఓపిక పట్టాలన్నది అక్కడి ఉపమానం. అయితే ఈ ఓపిక మాట దేని తరువాత వచ్చిందో చాలా ప్రసంగాలు చెప్పవు. దానికి ముందరి వాక్యాలలో చేలు కోసిన పనివారికి కూలి ఎగవేసిన ధనికులను గురించిన తీవ్రమైన నింద ఉంది. అంటే రాకడ ప్రస్తావన ఎగవేసిన కూలి ప్రస్తావనకు కొనసాగింపు. ఆ రాకడ ముందుగా ఒక లెక్క తేలే రోజు.

‘యుగసమాప్తి’ కథ వేరు. మత్తయి సువార్త ఇరవైనాలుగవ అధ్యాయంలోని ఈ పదం ‘యుగం’ అనే భావాన్ని వెంట తెచ్చింది. కలియుగం, దాని చివర తెల్లని గుర్రంపై వచ్చే కల్కి తెలిసిన శ్రోతకు, ప్రకటన గ్రంథంలోని తెల్లని గుర్రంపై వచ్చే యోధుడు పరాయివాడుగా తోచడు. పౌరాణిక కాలం చక్రంలా తిరిగి మళ్ళీ కృతయుగానికి చేరుతుంది. బైబిలు కాలానికి ఆ పునరావృత్తి లేదు. పదం ఒకటే అయినందువల్ల ఈ తేడా మరుగున పడింది. దానితోపాటు ఒక పఠన పద్ధతి కూడా వచ్చి చేరింది. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనడం మనకు అలవాటు. అదే చూపుతో ప్రతి తుపానునూ, యుద్ధాన్నీ, వ్యాధినీ ప్రకటన గ్రంథంలోని ఒక్కొక్క ముద్రకూ బూరకూ జోడించడం మొదలైంది. కోవిడ్ కాలంలో టీకాను ‘మృగం ముద్ర’తో పోల్చిన ప్రసంగాలు ప్రపంచంలో చాలా చోట్ల వినిపించాయి, తెలుగు నేల అందుకు మినహాయింపు కాదు.

గ్రంథం పేరు కూడా ఇందుకు కొంత దోహదం చేసింది. ‘అపొకాలిప్సిస్’ అంటే తెర తొలగించడం. తెలుగు బైబిలు మొదటి వచనంలోనే దీనికి ‘ప్రత్యక్షత’ అనే చక్కని మాట వాడింది. శీర్షికలో మాత్రం ‘ప్రకటన’ అని ఉంది. ఈనాటి పాఠకునికి ప్రకటన అంటే ముందుగా ఇచ్చే నోటీసు. తెర తొలగిస్తే ఇప్పుడున్నది కనిపిస్తుంది; నోటీసు ఇస్తే జరగబోయేది తెలుస్తుంది. ఆసియా మైనరులోని ఏడు సంఘాలకు రోమా సామ్రాజ్యపు అసలు ముఖాన్ని చూపిన గ్రంథం రాబోయే సంఘటనల పట్టికగా మారడంలో ఈ శీర్షికకూ కొంత పాత్ర ఉందని నా అభిప్రాయం.

3. ఎదురుకోలు, ఎత్తబడుట

అంత్యకాల బోధలో అత్యంత ప్రాచుర్యం పొందిన ఘట్టం మొదటి థెస్సలొనీకయుల పత్రిక నాలుగవ అధ్యాయంలో ఉంది. ప్రభువు దిగివచ్చినప్పుడు సజీవులు మేఘాల మీద ఆకాశమండలానికి చేరడాన్ని పౌలు అక్కడ వర్ణించాడు. ఈ సన్నివేశంలో తెలుగు బైబిలు రెండు క్రియలు వాడింది: ‘కొనిపోబడు’, ‘ఎదుర్కొను’. సంఘాల వాడుకలో మొదటిది ‘ఎత్తబడుట’గా మారి ఒక సిద్ధాంతానికి పేరయింది. రెండవది దాదాపు మరుగున పడింది.

డిగ్రీ తరగతిలో ‘ఎదుర్కొను’ అంటే ఏమిటని అడిగితే విద్యార్థులు ‘పోరాడు’, ‘తట్టుకొను’ అంటారు. కష్టాలను ఎదుర్కోవడమే వారికి తెలుసు. ఎదురువెళ్ళి సత్కరించి తీసుకురావడమన్న పాత అర్థం పెళ్ళిళ్ళలోని ‘ఎదురుకోలు’లో మాత్రమే మిగిలింది. మగపెళ్ళివారు వస్తున్నారని తెలియగానే ఆడపెళ్ళివారు మేళతాళాలతో, పానకంతో ఎదురేగుతారు. వెళ్ళినవారు అక్కడే ఉండిపోరు. వరుణ్ణి వెంటబెట్టుకొని విడిదికి తీసుకువస్తారు.

పౌలు వాడిన ‘అపాంతేసిస్’ అనే గ్రీకుపదం కూడా ఇటువంటిదే. నగరానికి వచ్చే ప్రముఖునికి పౌరులు పొలిమేర దాటి స్వాగతం చెప్పి లోపలికి తీసుకురావడాన్ని ఆ పదం సూచిస్తుందని 1930లో ఎరిక్ పీటర్సన్ వివరించాడు. దీనిపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. ప్రతి ప్రయోగంలోనూ ఈ సాంకేతికార్థం ఉందనడం అతివ్యాప్తి కావచ్చు. అయితే కొత్త నిబంధనలో ఈ పదం కనిపించే మిగిలిన చోట్లు దీనిని బలపరుస్తాయి. మత్తయి ఇరవైఅయిదవ అధ్యాయంలో కన్యకలు దివిటీలతో బయలుదేరింది పెండ్లికుమారునికి ఎదురేగి విందు ఇంటికి చేరడానికి. అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయంలో రోమా విశ్వాసులు అప్పీయా సంతపేట దాకా వచ్చి పౌలును కలుసుకొని, అతనితోపాటు రోమాకే వెళ్ళారు. తెలుగు అనువాదకులు ఈ సందర్భాలలో ‘ఎదుర్కొను’నే వాడారు. గ్రీకు పదంలోని స్వాగత భావాన్ని తెలుగు పదం ఇంత సహజంగా మోయడం అనువాద చరిత్రలో అరుదైన విషయం.

దీని ఫలితం చిన్నది కాదు. ‘ఎత్తబడుట’ కర్మణి ప్రయోగం. అందులో మనిషి చేసేది ఏమీ లేదు. దిశ భూమి నుంచి దూరంగా ఉంటుంది. వెనుక మిగిలేది ‘విడువబడిన’ లోకం. ‘ఎదురుకోలు’లో మనుషులు లేచి కదులుతారు, దిశ మళ్ళీ ఇంటివైపు తిరుగుతుంది, అతిథి వచ్చేది మన ఊరికే. పెళ్ళివారు వస్తున్నారంటే ఇల్లు అలికి ముగ్గు పెడతాం గాని ఇల్లు ఎలాగూ విడిచిపోతాం కదా అని చూరు కూలనివ్వం. ప్రకటన గ్రంథం ముగింపు ఘట్టంలోనూ మనుషులు పైకి పోరు. అలంకరించుకున్న పెండ్లికుమార్తెలా నగరమే కిందికి దిగివస్తుంది. 1938లో ఎం. దేవదాసు ప్రారంభించిన బైబిలు మిషను సంఘాన్ని పెండ్లికుమార్తెగా భావించడానికి విశేష ప్రాధాన్యమిచ్చింది. ఈ పెండ్లి పరిభాష తెలుగు క్రైస్తవానికి అంత సహజమైనది.

మరి ‘ఎత్తబడుట’ ఇంతగా ఎలా స్థిరపడింది? శ్రమకాలానికి ముందే విశ్వాసులు రహస్యంగా లోకం నుంచి తొలగింపబడతారన్న సిద్ధాంతాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో బ్రదరన్ ఉద్యమ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ వ్యాప్తిలోకి తెచ్చాడు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు దానిని ఇంగ్లీషు లోకమంతటా చేరవేసింది. బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ 1836లోనే గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం కేంద్రంగా పనిచేశారు. అంతమాత్రాన ఈ సిద్ధాంతం వారి ద్వారానే తెలుగు సంఘాలలోకి వచ్చిందనడం తొందరపాటు. తరువాతి కాలంలో ఇంగ్లీషు గ్రంథాల అనువాదాలు, ఉజ్జీవ సభలు, ఇటీవలి టెలివిజన్ ప్రసంగాలు దానిని ఇంటింటికీ చేర్చాయి. ఎప్పుడో జరిగిన పద ఎంపికను కొత్తగా వచ్చిన సిద్ధాంతం మింగేసిందని మాత్రం చెప్పవచ్చు.

4. సేరు గోధుమలు

ప్రకటన గ్రంథం ఆరవ అధ్యాయంలో నల్లని గుర్రం, త్రాసు పట్టుకున్న రౌతు కనిపిస్తారు. వెంటనే ధర వినిపిస్తుంది: దేనారానికి సేరు గోధుమలు. సువార్తల ప్రకారం దేనారం ఒక కూలివాని దినవేతనం. రోజంతా కష్టపడితే ఒక్క మనిషి పొట్టకు సరిపడే గింజలే వస్తాయని, ఇంటిల్లిపాదీ పస్తే అని దాని అర్థం. అనువాదకులు ‘సేరు’ అని రాయడంతో ఆ దర్శనం తెలుగు అంగడిలోకి వచ్చింది. గింజలను శేరులతో, మానికలతో కొలుచుకున్నవారికి ఇందులో గూఢార్థం వెదకవలసిన పని లేదు.

1876–78 కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగలు ఈ త్రాసును కళ్ళారా చూశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని కరువు బాధితులకు కూలి ఇచ్చాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మిషను చరిత్రలు అద్భుతంగా కీర్తించాయి. విమర్శకులు కరువు ఫలితంగా కొట్టిపారేశారు. ఇరుపక్షాలూ వారు ఏమి ఆశించి నీటిలోకి దిగారన్న ప్రశ్నను దాటవేశాయి. లోకం మొత్తం ముగిసిపోతుందన్న మాటకు భూమి ఉన్నవాడు భయపడవచ్చు. వెట్టి, అంటరానితనం, ఎగవేసిన కూలి తప్ప ఆ లోకం నుంచి ఏమీ పొందనివానికి దాని ముగింపు శుభవార్తగానే వినిపిస్తుంది. అంత్యకాల బోధను పలాయనవాదమని ఒక్కమాటలో తేల్చే మన విమర్శ ఈ తేడాను చూడలేదు.

అయితే అదే బోధ రెండుమూడు తరాల తరువాత అదే ప్రజల మధ్య మరో పని చేయడం కూడా వాస్తవమే. కూలి లెక్క తేల్చే రాకడ క్రమంగా వ్యక్తిగత పవిత్రతను తనిఖీ చేసే రాకడగా కుదించుకుపోయింది. సినిమా చూశావా, నగ పెట్టావా అన్న ప్రశ్నలు ముందుకొచ్చి, కోత కూలి ఇచ్చారా అన్న ప్రశ్న వెనుకబడింది. యాకోబు పత్రికలోని ఓపిక మిగిలింది. దాని ముందున్న నింద జారిపోయింది.

5. ‘అంటరాని వసంతం’లో నిరీక్షణ

ఈ మార్పును సృజనాత్మకంగా పట్టుకున్న రచన జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000). రూతు జ్ఞాపకాల నుంచి తరాల కథ నడుస్తుంది. కరువులో శివయ్య, శశిరేఖ బకింగ్‌హాం కాలువ పని వైపు నడిచిపోయే ఘట్టం నవలకు గుండెకాయ వంటిది. అక్కడ క్రైస్తవం వారికి మొదట ఒక మనిషి స్పర్శగా, పిలుపుగా అందుతుంది, సిద్ధాంతంగా కాదు. నవల ముందుకు సాగేకొద్దీ ఆ ఆశ సంఘం గోడలలో ఇమడక, తరువాతి తరంలో శ్రీకాకుళ పోరాటం వైపు మళ్ళుతుంది.

మతం ఒక మెట్టు, విప్లవం తరువాతి మెట్టు అని ఈ నవలను చదవడం సాధారణం. రచయిత రాజకీయ విశ్వాసాలు అందుకు అనువుగానే ఉన్నాయి. కాని శీర్షికలోని ‘వసంతం’ ఏ రకమైన కాలం? అది ఇంకా రాలేదు. వచ్చి తీరుతుందన్న నమ్మకంతో పాత్రలు ప్రాణాలు ఇస్తాయి. దాని దినమూ గడియా ఎవరికీ తెలియవు. రాకడను తిరస్కరించానని నవల అనుకున్న చోట రాకడ నిర్మాణమే పనిచేస్తున్నది. జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ 1964లో వెలువరించిన నిరీక్షణ వేదాంతంలో, దేవుని వాగ్దానాన్ని నమ్మినవాడు ఉన్న లోకంతో రాజీపడలేడని వాదించాడు. కల్యాణరావు పాత్రలకు ఆ మాట సంఘంలోని చాలామందికంటే బాగా వర్తిస్తుంది.

నవలలో ఒక లోటు కూడా ఉంది. మొదటి తరం క్రైస్తవుల నిరీక్షణ భాషను, వారు పాడుకున్న, వల్లించుకున్న రాకడ మాటలను రచయిత తగినంతగా వినలేదు. రూతు గొంతులో బైబిలు కథలు వినిపిస్తాయి గాని, చావు ముందు, కరువు ముందు ఆ మాటలు ఏ పని చేశాయో పైపైనే తెలుస్తుంది. ఆ వివరం పల్లెసంఘాల వృద్ధ స్త్రీల నోట ఇంకా మిగిలి ఉంది. వారిలో చాలామంది ఇప్పటికీ ‘ఎత్తబడతాం’ అనరు. ‘ఆయన వస్తాడు’ అంటారు. ఆ మౌఖిక వాఙ్మయాన్ని సేకరించే పని తెలుగు శాఖలలో ఇంకా మొదలుకావలసి ఉంది.