చింగోలో పాటను కొలిచిన తీరు

అర్జెంటీనా వాళ్లు చింగోలో అని పిలుచుకునే పిట్టను గుర్తుపట్టడం సులువు. బూడిదరంగు తల మీద నల్లచారలు, తెల్లని గొంతు, మెడ వెనక ఇటుకరంగు పట్టీ. శాస్త్రనామం జొనోట్రికియా కాపెన్సిస్. దక్షిణ మెక్సికో నుంచి టియెర్రా డెల్ ఫ్యూగో దాకా, సముద్రతీరం నుంచి ఆండీస్‌లో నాలుగు వేల మీటర్ల పైచిలుకు ఎత్తు దాకా ఉంటుంది. కష్టమల్లా వర్గీకరించడంలోనే. చోటు మారితే రంగు, రెక్క, పాట అన్నీ కాస్త కాస్త మారతాయి. వాటిలో దేనికి పేరు పెట్టాలి, దేన్ని వదిలేయాలి?

న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పనిచేసిన ఫ్రాంక్ చాప్‌మన్ 1940లో ఈ ఒక్క జాతి మీదే పెద్ద అధ్యయనం ప్రచురించాడు. ఇవాళ దీనికి పాతికకు పైగా ఉపజాతులున్నాయి. దక్షిణ కొసన ఉండే ఆస్ట్రాలిస్‌కు తల చారలు దాదాపు మాయం. చలికాలంలో ఉత్తరానికి వలసపోయే పిట్ట కాబట్టి రెక్క పొడవు, మొన కోసు. చాప్‌మన్ తేడాలను జాబితా కట్టి ఊరుకోలేదు. వాటిని పటం మీద పరిచి, ఈ పిట్ట ఉత్తరం నుంచి దక్షిణానికి వ్యాపించిందని వాదించాడు.

రంగుతో తేలని సంగతిని ఫెర్నాండో నాటెబోమ్ పాటలో పట్టుకున్నాడు. 1969లో వచ్చిన ఆయన వ్యాసంలో నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఒక విభజన. చింగోలో పాటలో ముందు కొన్ని ఈలలు, ఆ తర్వాత ఒకే స్వరం గబగబా మళ్లీ మళ్లీ వచ్చే ట్రిల్. ఈలల వరస పిట్టకో రకం. ట్రిల్ వేగం మాత్రం ఒక ప్రాంతంలోని పిట్టలన్నిటికీ ఇంచుమించు ఒకటే. మొత్తం పాటను ఒక్కటిగా కొలిచి ఉంటే రెండూ కలిసిపోయి ఏమీ తేలేది కాదు. వ్యక్తికి చెందినదేది, చోటుకు చెందినదేది అని విడదీశాకే మాండలికాలు కనిపించాయి.

ఆ దారిలోనే పాల్ హ్యాండ్‌ఫర్డ్ వాయవ్య అర్జెంటీనాలో కొలతలు తీశాడు. అడవిలో ట్రిల్ నిదానం, గడ్డి మైదానంలో వేగం. చెట్ల మధ్య శబ్దం ప్రతిధ్వనిస్తుంది కనుక, రాతి మండపంలో పాడిన వేగస్వరాల్లా, వేగమైన ట్రిల్ అలుక్కుపోతుంది. ఆశ్చర్యమేమిటంటే, అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేలల్లో కూడా పిట్టలు పాత అడవి ట్రిల్‌నే పాడుతున్నాయి. పిల్లలు పెద్దవాటిని విని పాట నేర్చుకుంటాయి. అందుకే చెట్లు పోయినా వేగం మిగిలింది.

ఇంత స్పష్టమైన సరిహద్దులు దొరికితే మాండలికానికో ఉపజాతి పేరు పెట్టేయాలనిపిస్తుంది. స్టీఫెన్ లొహీడ్, హ్యాండ్‌ఫర్డ్ 1992లో ఆ మాండలికాలను శరీర కొలతలతో, ప్రోటీన్ల తేడాలతో పోల్చి చూశారు. పాట గీసిన గీతలు వంశాలను పెద్దగా విడదీయలేదని తేలింది. కాబట్టి పాటను నేల చరిత్రకు సాక్ష్యంగా ఉంచి, వర్గీకరణను శరీరానికీ జన్యువులకూ వదిలేయాలి. తమకు దొరికిన అందమైన నమూనా చేత, అది చెప్పలేని మాట చెప్పించకపోవడమే ఈ పరిశోధకుల పనితనం.