సోల్ వైటు బేసుబాలు చరిత్రము: ఒక విమర్శ

అమెరికా దేశీయుల బంతియాటయగు బేసుబాలులో నల్లజాతి క్రీడాకారుల చరిత్రమును దొలుత గ్రంథరూపమునఁ గూర్చినవాఁడు సోల్ వైటు. ఆయనయు నాజాతివాఁడే; ఫిలడెల్ఫియా జయంట్సు జట్టునకు నాయకుఁడు. 1907లో వెలువడిన యీ చిన్నపుస్తకము 1995లో జెఱ్ఱీ మలాయ్ పీఠికతోఁ బునర్ముద్రితమైనది.

దీని బలము వివరములయందున్నది. పెద్ద లీగుల తెల్ల క్రీడాకారుని సగటు వేతనము 2000 డాలర్లు, చిన్న లీగులవానిది 571, నల్లజాతివానిది 466 అని వైటు లెక్కచూపెను. ఇట్టి యంకెలు చేయు పని యెంతటి యావేశవచనములును జేయఁజాలవు.

అయినను బహిష్కారకారణమును జెప్పుచోట గ్రంథకర్త తొట్రుపడినాఁడు. షికాగో జట్టు నాయకుఁడగు అన్సన్ ద్వేషమే లేకున్నచో 1887లోనే నల్లజాతివాఁ డొకఁడు నేషనల్ లీగునఁ జేరియుండెడివాఁడని యాయన మతము. ఇది నాకు సమ్మతముకాదు. అన్సన్ నిర్దోషి యని నేననను. కాని 1887 జూలై 14న, ఇఁకమీఁద నల్లజాతివారితో నొడంబడికలు చేసికొనరాదని తీర్మానించినది ఇంటర్నేషనల్ లీగు యజమానులు. అందు అన్సన్‌కు స్థానములేదు. ఆ సెప్టెంబరులోనే క్యూబన్ జయంట్సుతో నాడమని నిరాకరించినవారు సెయింట్‌లూయీ జట్టువారు. వారును అన్సన్ చేతిక్రిందివారు కారు. (క్యూబన్ జయంట్సులో క్యూబావారు లేరు, అందఱును అమెరికా నల్లజాతివారే. పేరునుబట్టి జాతిని నిర్ణయించువారు జాగ్రత్తపడవలెను.) నేర మొక్కనిపై మోపినచోఁ దక్కినవారందఱును దప్పించుకొందురు.

వైటు ఇట్లేల వ్రాసెను? జట్టు యజమానియు నీగ్రంథపరిష్కర్తయునగు ష్లిక్టరు తెల్లవాఁడు. తెల్లజట్లతోడి పోటీలవలననే నల్లజట్లకుఁ గొంత జీవనము. వ్యవస్థనంతయు నిందించుటకంటె నొక్కని నిందించుట క్షేమమని తలఁచెనేమో యని నా యూహ.

పెద్ద లీగులలో నీ నిషేధమునకు లిఖితపాఠము లేదు. శాసనము లేనిచోట ఫలమునే సాక్ష్యముగాఁ గొనవలెను. 1884లో టొలీడో జట్టున ఫ్లీట్‌వుడ్ వాకరు ఆడినపిదప, 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సను బ్రూక్లిను పక్షమున దిగువఱకు, నల్లజాతివాఁడని యెల్లరెఱిఁగిన క్రీడాకారుఁ డొక్కఁడును బెద్ద లీగులలోఁ గానరాఁడు. అఱువదియేండ్లకుఁ బైఁబడిన యీ శూన్యము నొక్క అన్సన్ నింపఁగలిగెనా?

శ్రద్ధతో నాడినచో ద్వారము తెఱచుకొనునని వైటు తనవారికి 1907లో హితము చెప్పెను. 1955లో మృతినొందిన యాయన, రాబిన్సను ప్రవేశమును జూచియే పోయెను.