నీలం దారి

చంకలో బిళ్ళ కట్టిందంటే చేతికో రొమ్ముకో ఏదో అయిందని మన ఇళ్ళల్లో ఇట్టే పసిగడతారు. రొమ్ము క్యాన్సర్ పాకేటప్పుడు ఎక్కువగా ముందు చేరేదీ ఆ బిళ్ళల్లోకే. అది అక్కడిదాకా వచ్చిందో లేదో తేల్చుకోడానికి సర్జన్లు దశాబ్దాలపాటు చంకంతా ఊడ్చి తీసేసేవారు. తర్వాత కొందరికి చెయ్యి వాచి, ఆ వాపు అలాగే ఉండిపోయేది. ఒక చేతికి ఎక్కిన గాజు రెండో చేతికి ఎక్కదు.

కాలిఫోర్నియాలో, శాంటా మోనికాలోని జాన్ వేన్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో అర్మాండో జూలియానో 1991లో మరో దారి పట్టారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో డొనాల్డ్ మోర్టన్ చేసి చూపిన పద్ధతిని ఆయన రొమ్ముకు తెచ్చారు. గడ్డ చుట్టూ నీలం రంగు మందు ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగుతారు. పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది. తొందరపడితే రంగు చంకదాకా రాదు, ఆలస్యమైతే మొదటి బిళ్ళను దాటి వెనకవాటిలోకి పోతుంది. ఆ తర్వాత చంకలో చిన్న గాటు. పసుప్పచ్చటి కొవ్వులో దారప్పోగంత సన్నగా ఒక నీలం గీత కనిపిస్తుంది. అది తెగిపోకుండా, కొవ్వును మెల్లగా తప్పిస్తూ దాని వెంటే వెళితే నీలం పట్టిన బిళ్ళ దగ్గర ఆగుతుంది. పొలిమేర కావలి లాంటిదన్నమాట. అందులో క్యాన్సర్ లేకపోతే వెనకవాటిలో ఉండడం అరుదు.

ఆ మాట నిజమో కాదో చూడడానికి మొదట్లో మిగతా బిళ్ళలనూ తీసి పరీక్షించారు. 1994లో లెక్క బయటపెట్టారు: 174 సార్లు వెతికితే దొరికింది 114 సార్లే. అందులోనూ 5 సార్లు కావలి బిళ్ళను నమ్మి ఉంటే మోసపోయేవారు. ఆ పొరపాట్లన్నీ చెయ్యి తిరగని రోజులవి. చివరి 87 ఆపరేషన్లలో దొరికిన ప్రతి బిళ్ళా నిజమే చెప్పింది. దొరకని అరవైని కూడా దాచకుండా అచ్చేయించారు చూడండి, నాకు ఈయన మీద గౌరవం కుదిరింది అక్కడే.

ఆ తర్వాతి ప్రశ్నకు ఇంకా గుండె ధైర్యం కావాలి. కావలి బిళ్ళలో క్యాన్సర్ కనబడినా మిగతావి వదిలేయొచ్చా? ఒకటి రెండు బిళ్ళల్లోనే జబ్బున్న 891 మంది చేరారు. అందరికీ గడ్డ మాత్రం తీసి, రొమ్ముకు రేడియేషన్ ఇచ్చే వైద్యమే. చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టులో మామూలుగా 17 బిళ్ళలు తీస్తే, రెండో జట్టులో 2. 2011లో మొదటి ఫలితాలు వచ్చినప్పుడు, అనుకున్న 1,900 మంది చేరలేదని చాలామంది సర్జన్లు పెదవి విరిచారు. పదేళ్ళ లెక్క 2017లో వచ్చింది: చంక ఊడ్చినవారిలో 83.6 శాతం, వదిలేసినవారిలో 86.3 శాతం మంది బతికే ఉన్నారు.